నల్ల తుపాకిమందు రైఫిల్‌ను కాల్చిన రోజే శుభ్రం చేసుకోవడం ఎలా?

‘షూటింగ్ రేంజ్ నుంచి రాగానే నూనెతో బాగా తుడిచే పెట్టాను, నెల తరువాత తీసి చూస్తే గొట్టం లోపల తుప్పు పట్టింది, ఎందుకు?’ మూతి వైపు నుంచి మందు కూరి కాల్చే పాతరకం రైఫిల్‌తో సరదాగా గురిపెట్టడం నేర్చుకుంటున్న తెలుగు మిత్రులు, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవారు, నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, మీరు నూనెతో తుడవబట్టే తుప్పు పట్టింది. ఈ మందు కాలాక మిగిలే మడ్డి నీటికి కరుగుతుంది గాని నూనెకు కరగదు. ఆ మడ్డి మీద నూనె పూస్తే తారులాంటి జిగురు తయారై, దాని కింద ఉప్పు హాయిగా ఇనుమును తింటూ కూర్చుంటుంది.

దీనిని క్లుప్తంగా ‘నల్లమందు’ అనవచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. తెలుగులో నల్లమందు అంటే అభిని కాబట్టి, ఆ మాటతో మీరు విమానాశ్రయంలో గాని, పోలీసుల ముందు గాని నోరు జారకుండా ఉండేందుకు నేను ‘నల్ల తుపాకిమందు’ అనే రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది క్యాప్‌తో (దెబ్బకు పేలి మందును అంటించే చిన్న లోహపు టోపీతో) పేలే, అర అంగుళం వ్యాసం గొట్టం ఉన్న, హాకెన్ (పాతకాలపు అమెరికన్ వేట రైఫిల్) తరహా నకలు రైఫిల్ గురించి. కొత్తవారిలో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే. చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్ ఉన్నవారికి తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

పనిలోకి దిగేముందు చట్టం గురించి నాలుగు మాటలు. అమెరికా సమాఖ్య చట్టం 1898లో గాని అంతకుముందు గాని తయారైన తుపాకులను, నల్ల తుపాకిమందుతో గాని, దాని ప్రత్యామ్నాయంతో గాని కాల్చే, ఆధునిక తూటాలు పట్టని మూతికూర్పు నకళ్ళను మామూలు ఆయుధాల నిర్వచనం నుంచి చాలావరకు మినహాయించింది. అయితే కొన్ని రాష్ట్రాలు ఆ మినహాయింపును పాటించవు. మీరు ఇంకా వీసా మీదే ఉన్నట్లయితే, కొనడానికి ముందు ఈ విషయం దుకాణంలో కాదు, ఇమిగ్రేషన్ న్యాయవాది దగ్గర అడగండి. భారతదేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ మూతికూర్పు తుపాకి కూడా 1959 నాటి ఆయుధాల చట్టం కిందికే వస్తుంది, పంట కాపలాకు ఉంచుకోవాలన్నా లైసెన్సు ఉండాల్సిందే. కనుక ఇది చదివి ఊళ్ళో అటక మీద ఉన్న తాతగారి తుపాకిని దించకండి.

ఎందుకు నీళ్ళు? (ఇంతకుమించి సిద్ధాంతం లేదు)

సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఈ మందు పూర్తిగా పొగైపోదు. దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి, కొంత పొగతో బయటకు పోయి, తక్కినది గొట్టం గోడలకు అంటుకుంటుంది. అందులో ఎక్కువభాగం పొటాషియం లవణాలు. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, శుభ్రం చేయని గొట్టం లోపల సరిగ్గా అదే జరుగుతుంది. పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయ పొడులు వాడితే తుప్పు పట్టదని కొందరు నమ్ముతారు. అందులో పొటాషియం పెర్‌క్లోరేట్ ఉంటుంది కాబట్టి, కాలాక క్లోరైడ్ ఉప్పు మిగిలి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది.

కావలసినవి

- సగం బకెట్ గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవపు సబ్బు రెండు చుక్కలు, జాలాడించడానికి మరో బకెట్ మంచినీళ్ళు.
- ఇత్తడిది గాని, స్టీలుది గాని బలమైన శుభ్రపరిచే కడ్డీ. గుండును కూరేందుకు రైఫిల్ కింద అమర్చి వచ్చే కొయ్య ర్యామ్‌రాడ్‌ను ఈ పనికి వాడకండి. అది విరిగితే ఏటవాలుగా బల్లెంలా చీలి అరచేతిలో దిగుతుంది.
- కడ్డీ చివర బిగించే జాగ్ (గుడ్డను పట్టి ఉంచే గాట్ల ముక్క), లోపల జారిపోయిన గుడ్డను తీసే మెలికల వార్మ్, మీ గొట్టం కొలతకు సరిపోయే బ్రీచ్ స్క్రేపర్ (గొట్టం అడుగును గోకే ముక్క).
- గుడ్డముక్కలు, కనీసం ముప్ఫై. నూరుశాతం నూలు అయి ఉండాలి. చాలాసార్లు ఉతికి మెత్తబడిన పాత పంచెను మించినది లేదు. మా నాన్నగారి పంచె ఒకటి నాకు రెండేళ్ళు వచ్చింది. పాలిస్టర్ కలిసిన గుడ్డ నీళ్ళను సరిగా పీల్చదు.
- నిపుల్ (క్యాప్‌ను తొడిగే బోలు మొన) ఊడదీసే రెంచ్, నిపుల్ రంధ్రం గుచ్చే సన్నని తీగ, మరల మీద పూసే గ్రీజు, పాత టూత్‌బ్రష్, గొట్టంలోకి జారవిడిచే చిన్న లైటు.
- తుప్పును ఆపే నూనె. బ్యాలిస్టాల్ గాని, బ్యారికేడ్ గాని, తుపాకుల కోసమే తయారైన మరొకటి గాని చాలు. వంటనూనె, కొబ్బరినూనె వద్దు, అవి ఎండి బంకగా మారతాయి.

సీసపు గుండ్లు కాల్చిన తుపాకి కనుక, ఈ పని పెరట్లోనో గ్యారేజీలోనో చేయండి. వంటింటి సింకులో చేయకండి. పిల్లలను, తినే వస్తువులను దూరంగా ఉంచండి. ఈ బకెట్‌ను మరే పనికీ వాడకండి.

రేంజ్‌లో ఉండగానే

ఇంటి దగ్గర పని ఎంత తేలికవుతుందనేది రేంజ్‌లో మీ అలవాటును బట్టి ఉంటుంది. ప్రతి గుండు తరువాత గాని, రెండేసి గుండ్లకు ఒకసారి గాని, కొద్దిగా తడిపిన గుడ్డను ఒకసారి కిందికి, ఒకసారి పైకి నడిపి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ‘కొద్దిగా’ అన్న మాటను గమనించండి. నీళ్ళు కారుతున్న గుడ్డ మడ్డినంతటినీ అడుగుకు తోసి నిపుల్ దారిని మూసేస్తుంది, తరువాతి క్యాప్ తుస్సుమంటుంది. గుండు చుట్టూ చుట్టే గుడ్డకు తేనెమైనం, కొవ్వు కలిపిన గ్రీజు రాస్తే మడ్డి మెత్తగా ఉంటుంది. 1857లో సిపాయిలు పళ్ళతో కొరకమంటే తిరగబడ్డ ఎన్‌ఫీల్డ్ తూటాల మీది కొవ్వు ఉద్దేశం కూడా కొంతవరకు ఇదే, మతం సంగతి పట్టించుకోకపోవడం దొరల తప్పు.

క్యాప్ పేలి మందు అంటుకోకపోతే మూతిని గురిదిబ్బ వైపే ఉంచి, కనీసం ఒక నిమిషం కదలకుండా నిలబడండి. మీ రేంజ్ నియమం అంతకన్నా ఎక్కువసేపు ఆగమంటే అంతసేపూ ఆగండి. మందు పోయడం మరచి గుండు మాత్రమే కూరేసినట్లయితే దానిని ఇంటికి తీసుకురాకండి. అక్కడే రేంజ్ అధికారి చేత కార్బన్ డయాక్సైడ్ పరికరంతోనో, గుండు లాగే మరతోనో తీయించండి. ఈ తప్పు మాత్రం చేయనివారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక ఆధునిక తూటాలలో వాడే పొగలేని మందును ఈ రైఫిల్‌లో చిటికెడు కూడా పోయకూడదు. గొట్టం బద్దలై చేతులు, కళ్ళు పోతాయి. ఇందులో ‘కొంచెం అయితే ఫరవాలేదు’ అనే మాట లేదు.

శుభ్రం చేసే విధానం

1. ఖాళీయేనా అని కడ్డీతో చూడండి. రైఫిల్ కొన్న రోజే, గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్‌రాడ్‌ను అడుగుదాకా దించి, మూతి అంచు దగ్గర దాని మీద గీత గీసి ఉంచుకోవాలి. ఇప్పుడు ఆ ర్యామ్‌రాడ్‌నే దించితే ఆ గీత సరిగ్గా అంచుకు రావాలి. మందు, గుండు లోపల ఉంటే గీత దాదాపు 2 అంగుళాలు పైకి నిలుస్తుంది. ‘నాకు గుర్తుంది, చివరిది కాల్చేశాను’ అనుకోవడం పరీక్ష కాదు. ఈ చూసే పనిలో కూడా మూతికి ఎదురుగా ముఖం గాని, అరచేయి గాని ఉంచకండి. కడ్డీని వేళ్ళ కొసలతో పట్టుకోండి.

2. గొట్టాన్ని విడదీయండి. ముందు ర్యామ్‌రాడ్ తీసేయండి. కర్రభాగం గుండా గొట్టాన్ని పట్టి ఉంచే చపటా చీలను కొయ్యముక్కతో మెల్లగా తట్టి బయటకు జరపండి. అది ఏ వైపు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. హ్యామర్‌ను (క్యాప్‌ను కొట్టే భాగాన్ని) హాఫ్‌కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి ఆగే చోట పెట్టి, మూతి వైపు పైకెత్తితే వెనక కొక్కెం ఊడి గొట్టం చేతికి వస్తుంది. రాకపోతే బలవంతం చేయకండి, హ్యామర్ ఇంకా నిపుల్‌ను తాకుతోందేమో చూడండి. పెన్సిల్వేనియా పొడుగు రైఫిళ్ళలో గొట్టాన్ని సన్నని పిన్నులతో బిగిస్తారు. వాటిని ప్రతిసారీ ఊడదీస్తే కర్ర చిట్లుతుంది. అలాంటివారు గొట్టం తీయకుండా, నిపుల్ స్థానంలో రబ్బరు గొట్టం ఉన్న అడాప్టర్ బిగించి, దాని రెండో కొసను బకెట్‌లో ముంచి ఇదే పని చేయవచ్చు. ఫ్లింట్‌లాక్ అయితే నిప్పు దూరే రంధ్రానికి బిగించే పట్టీ దొరుకుతుంది.

3. నిపుల్ ఊడదీసి సబ్బునీళ్ళలో వేయండి. రెంచ్ నిటారుగా కూర్చోవాలి. వంకరగా తిప్పితే నిపుల్ పలకలు అరిగిపోయి, ఇక ఏ రెంచ్‌కూ దొరకదు. గట్టిగా బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేసి అరగంట ఆగండి.

4. పంపు కొట్టండి. గొట్టం వెనకభాగాన్ని సబ్బునీళ్ళ బకెట్‌లో నిలబెట్టి, తడిగుడ్డ చుట్టిన జాగ్‌ను అడుగుదాకా దించి పైకి లాగండి. పైకి లాగినప్పుడు నిపుల్ రంధ్రం గుండా నీళ్ళు లోపలికి పీల్చుకోబడతాయి, కిందికి తోసినప్పుడు నల్లగా బయటకు చిమ్ముతాయి. మొదటి నాలుగైదు పంపులకే నీళ్ళు సిరాలా మారి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తాయి. దీపావళి మర్నాడు పొద్దున వాకిట్లో తడి బూడిద ఊడ్చినవారికి ఈ వాసనలో సగం పరిచయమే. పదిహేను ఇరవై సార్లు పంపు కొట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ కొట్టండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా, మామూలుగా రెండు మూడు బకెట్లు పడుతుంది.

   జాగ్ లోపల ఇరుక్కుంటే సుత్తి తీసుకోకండి. మూతిలోంచి నీళ్ళు పోసి పది నిమిషాలు నాననివ్వండి, వస్తుంది. కడ్డీని తిప్పవలసి వస్తే కుడివైపుకే తిప్పండి. ఎడమకు తిప్పితే జాగ్ మర ఊడి అడుగున ఉండిపోతుంది, ఆ తరువాత మీ ఆదివారం దానికే అంకితం.

5. అడుగు మూలను గోకండి. కొత్తవారు వదిలేసేది ఈ చోటే, తుప్పు మొదలయ్యేదీ ఈ చోటే. స్క్రేపర్‌ను దించి రెండు మూడు సార్లు తిప్పి, ఊడిన పెచ్చులను నీళ్ళతో కడిగేయండి. హాకెన్ తరహా నకళ్ళలో చాలావాటికి అడుగున మందు నిలిచే అర, గొట్టం కన్నా సన్నగా ఉంటుంది. మీ జాగ్ అక్కడిదాకా వెళ్ళదు, వెళ్ళినట్టు మీకు అనిపిస్తుంది. అటువంటివాటికి చిన్న కొలత బ్రష్‌కు గుడ్డ చుట్టి ఆ అరలో తిప్పాలి. నా మొదటి రైఫిల్‌ను ఒక వేసవి అంతా పైపైన మెరిసేలా తోముతూ వచ్చాను. ఒకనాడు గుండ్లు ఊరకే తుస్సుమంటుంటే సన్న బ్రష్ దించి చూశాను. చింతపిక్కంత గట్టి నల్లటి ముద్ద ఊడి బకెట్‌లో టక్కున పడింది.

6. మంచినీళ్ళతో జాలాడించండి. సబ్బు మిగిలితే అదీ తేమను పట్టి ఉంచుతుంది. నీళ్ళు ఎంత వేడిగా ఉండాలన్నది పాతకాపుల మధ్య ఎడతెగని వాదన. మరిగే నీళ్ళు పోస్తే ఇనుము వేడెక్కి దానంతటదే ఆరుతుందని ఒక పక్షం అంటుంది. నిజమే, కానీ అలా ఆరేలోపు గోడల మీద పలుచని నారింజరంగు తుప్పు పొర తోస్తుంది, దానిని తుడవడం మళ్ళీ ఒక పని. చేయి పెట్టగలిగే గోరువెచ్చదనం దాటకండి, ఇది నా తీర్మానం.

7. ఆరబెట్టండి. పొడిగుడ్డలు ఒకదాని తరువాత ఒకటి, గుడ్డకు తడి తగలడం పూర్తిగా మానేదాకా దించండి. తరువాత మూతి కిందికి ఉండేలా పావుగంట నిలబెట్టి, మళ్ళీ రెండు గుడ్డలు. నిపుల్ రంధ్రంలో, సన్న అరలో మిగిలిన చెమ్మను తరిమేందుకు డబ్ల్యూడీ-40 కొట్టవచ్చు. అయితే అది చెమ్మను తోసేది మాత్రమే, నిల్వకు పనికివచ్చే రక్షణ కాదు. కొట్టాక మొత్తం తుడిచేయాలి.

8. నూనె పూయండి. గుడ్డకు నూనె పట్టించి గొట్టం అంతా నడిపి, చివరి గుడ్డను ఆ సన్న అరలోకి కూడా దించండి. పలుచని పొర చాలు. కారేటంత పోస్తే అది అడుగుకు చేరి, తరువాత కాల్చేటప్పుడు మందును తడిపి పాడుచేస్తుంది. గొట్టం బయటివైపు, ముఖ్యంగా నిపుల్ చుట్టుపక్కల, క్యాప్ పేలినప్పుడు ఎగజిమ్మిన ఉప్పు ఉంటుంది కనుక అక్కడ ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరాక నూనె రాయండి.

9. నిపుల్, లాక్ (హ్యామర్‌ను నడిపే యంత్రభాగం). నిపుల్‌ను బ్రష్‌తో తోమి, తీగతో రంధ్రం గుచ్చి, వెలుతురుకు ఎత్తి చూడండి. సూదిమొనంత గుండ్రని కాంతి కనిపించాలి. మరలకు గ్రీజు రాసి చేతితో బిగించి, చివరగా రెంచ్‌తో కొద్దిగా. హ్యామర్ ముఖాన్ని, దాని గుంతను టూత్‌బ్రష్‌తో తోమండి. లాక్‌ను క్యాప్ రైఫిల్‌లో ప్రతి మూడు నాలుగు సార్లకూ, ఫ్లింట్‌లాక్‌లో ప్రతిసారీ విప్పాలి. మరలను సగం వదులు చేసి, వాటి తలల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే లాక్ తనంతట బయటకు వస్తుంది. అంచు కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే కర్ర పెచ్చు లేస్తుంది, ఆ మచ్చ జీవితాంతం మిమ్మల్ని చూస్తూ ఉంటుంది.

10. ఇత్తడి, కర్ర. ఇత్తడి భాగాలను చింతపండుతో తోమితే దీపపు కుందుల్లా మెరుస్తాయని మా ఇంట్లో సలహా వచ్చింది. మెరుస్తాయి కూడా. కానీ ఆ పులుపు ఇత్తడికి, కర్రకు మధ్య సందులోకి దిగి పక్కనున్న ఉక్కును తింటుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. కర్రకు ఏడాదికి ఒకటి రెండుసార్లు మరగించిన అవిసెనూనె నాలుగు చుక్కలు అరచేత్తో రుద్దండి. అవిసెనూనె పట్టిన గుడ్డను ఉండచుట్టి పారేయకండి, దానంతటదే అంటుకోగలదు. విప్పి బయట ఆరేసి పారేయండి.

పని అయ్యాక చేతులను సబ్బుతో, చల్లటి నీళ్ళతో కడుక్కొని, అప్పుడే కాఫీ ముట్టుకోండి.

మర్నాడు తప్పక చూడవలసినది

ఈ భాగాన్ని దాటవేస్తే పైన చేసిన చాకిరీ సగం వృథా. కాల్చిన మర్నాడు తెల్లటి పొడిగుడ్డను గొట్టం అడుగుదాకా దించి, తీసి, పగటి వెలుతురులో చూడండి.

తెల్లగానో, నూనెరంగుగానో వస్తే బాగుంది. బూడిదరంగు వస్తే మడ్డి మిగిలింది, మళ్ళీ బకెట్ దగ్గరకు వెళ్ళాలి. నారింజరంగో, ఇటుకరంగో వస్తే తుప్పు మొదలైంది. భయపడనవసరం లేదు. ఒకరోజు తుప్పు పైపైదే కనుక, నూనె పట్టించిన గుడ్డలతో రంగు పోయేదాకా తుడిచి, తిరిగి నూనె పూసి, ఆ మర్నాడు మళ్ళీ చూడండి. ఆపైన లైటును గొట్టంలోకి జారవిడిచి, గొట్టం లోపల మెలితిరిగి ఉండే గాళ్ళు ఎక్కడైనా మసకగా ఉన్నాయేమో పరిశీలించండి. ఇలా చూసేది నిపుల్ ఊడదీసిన, ఖాళీ అని తేలిన గొట్టంలోకే. వారం తరువాత ఒకసారి, తరువాత నెలకొకసారి ఇదే తెల్లగుడ్డ పరీక్ష. హ్యూస్టన్ వంటి ఉక్కపోత ఊళ్ళలో ఉన్నవారు పదిహేను రోజులకే చూడాలి.

రైఫిల్‌ను మూతి కిందికి ఉండేలా, తాళం పడే బీరువాలో నిలబెట్టండి. నూనె అడుగుకు దిగకుండా ఉంటుంది. తోలుసంచిలోనో, నురుగుపెట్టెలోనో దాచకండి, అవి చెమ్మను పట్టి ఉంచుతాయి. మందును, క్యాప్‌లను వాటి అసలు డబ్బాల్లోనే, రైఫిల్‌కు దూరంగా, వేర్వేరుగా తాళం వేసి ఉంచండి.

మళ్ళీ కాల్చేముందు

నిల్వ నూనె లోపల ఉండగా మందు పోస్తే అది ముద్దయి పేలదు, ఆ తరువాత గుండును ఎలా తీయాలన్న చిక్కు వస్తుంది. అందుకని పొడిగుడ్డలతో నూనె మొత్తం తుడిచి, రేంజ్‌లో, కాల్చడానికి అనుమతి ఇచ్చాక, ఖాళీ గొట్టంతోనే ఒకటి రెండు క్యాప్‌లు పేల్చండి. రెండో క్యాప్ పేల్చేటప్పుడు మూతిని నేల మీది గడ్డిపోచకు జానెడు దూరంలో ఉంచి చూడండి. దారి తెరిచి ఉంటే గాలి తగిలి పోచ ఊగుతుంది. కదలకపోతే మందు పోయకండి. నిపుల్ ఊడదీసి, తీగతో గుచ్చి, సన్న అరలో పొడిగుడ్డ తిప్పి, కొత్త క్యాప్‌తో మళ్ళీ చూడండి.